బేబీ మాణిక్యం కన్నీళ్ళు

"అన్నయ్య పోతే మాత్రం అది ఏడుస్తుందంటావా కనకం? కన్నతల్లి శవం పక్కన కూర్చుని నవ్విన మనిషే అది! నా కళ్ళతో నేను చూశాను... ఈ రెండు కళ్ళతో!"

హాల్లో నాగరత్నం గొంతు తగ్గించే అంది. కానీ చెవుడొచ్చిన మనిషి గొంతు తగ్గిస్తే మాత్రం ఎంత తగ్గుతుంది! వంటింట్లో పెసరపునుకులు వేస్తున్న రత్నమాణిక్యానికి ప్రతి అక్షరమూ వినపడింది. చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. నూనె మాత్రం తన పాటికి తను చిటపటలాడుతూనే ఉంది...

యాభై ఏళ్ళుగా వింటున్న మాటే! ఆమెను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు విన్నారు, విని మళ్ళీ రాలేదు. పక్కింట్లో అద్దెకి దిగినవాళ్ళు విన్నారు. తమ్ముడి భార్య కనకరత్నం కాపురానికొచ్చిన వారంలోనే విన్నది. ఈమధ్య కాస్త పాతబడిన ఆ మాటకి, తండ్రి పేరయ్యగారికి పక్షవాతం రాగానే మళ్ళీ ప్రాణం వచ్చింది. ఏలూరు పెద్దాసుపత్రిలో డాక్టరు "ఇంటికి తీసుకెళ్ళండి, ఆయన అడిగింది పెట్టండి" అనేసి పంపించాడు. ఆ రోజు నించీ చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ ముందు పేరయ్యగారి మొహం చూసేది, తరవాత మాణిక్యం కళ్ళు చూసేది. తడి ఉందా? లేదా? ముసలాయన పోయేరోజున ఈ మనిషి ఏడుస్తుందా, ఏడవదా? అదీ వాళ్ళకి కావలసింది! పోయేవాడి గురించి ఎవరికి పట్టింది... ఉన్నవాళ్ళ కళ్ళల్లో వేలుపెట్టి వెతకడానికే కదా జనం పరామర్శలకు వచ్చేది!

నాగరత్నం పేరయ్యగారి చెల్లెలు, మాణిక్యానికి మేనత్త. కైకలూరు నించి అన్నగారిని చూసిపోదామని వచ్చింది. ఆ వారమే కొల్లేరు పొంగి రోడ్డు మీదకి నీళ్ళొచ్చేశాయి. బస్సులు ఆగిపోయాయి. ఇంక ఆవిడ ఏలూరు పవర్‌పేటలోని ఈ ఇంట్లోనే మంచం వేసింది. ఆవిడతోపాటు ఆ పాత మాటా మంచం వేసింది.

"అయ్యయ్యో! అలా అనకండి అత్తయ్యగారూ, వదినగారు వింటారు," అంది కనకరత్నం. ఆ గొంతులో వారించడం తక్కువ, ఇంకాస్త చెప్పించుకోవాలన్న ఆశే ఎక్కువ.

"వింటే విననీవే! నేనేమన్నా లేనిది కల్పించానా?"

ఇంతలో "పెట్టమ్మా హరిణీ, పెట్టు! పేర్లు పడేదగ్గర నించీ పెట్టు!" అని పడక్కుర్చీలోంచి పేరయ్యగారు ముద్దముద్దగా అరిచారు. ఆయన ముని మనవరాలు హరిణి సీడీ తీసి ప్లేయర్‌లో పెట్టింది. హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అంటే సినిమా. అందులోనూ ఒకటే సినిమా! దాని అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. "మన మాణిక్యం సినిమా" అంటారు. రత్నమాణిక్యం ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, బేబీ మాణిక్యం అన్న పేరుతో మద్రాసులో వేసిన ఆఖరి సినిమా అది. వెనకటికి ఆ సినిమా ఏలూరు ఏ హాల్లోకి తిరిగొచ్చినా పేరయ్యగారు కిరాణా కొట్టు కట్టేసి ఇంటిల్లిపాదినీ రిక్షాలెక్కించేవారు. తమ్ముడు గోపాలకృష్ణ అయిదేళ్ళవాడప్పుడు అక్క ఒళ్ళో కూర్చుని చూసి, "అక్క ఇక్కడుంటే మరి అక్కడెవరు?" అని పేచీ పెట్టి ఏడ్చాడట! గోపాలకృష్ణ కొడుకు పవన్ చిన్నప్పుడు అద్దె వీసీఆర్ తెచ్చి, వీధి వీధంతా చాపలేసుకుని చూశారు. ఇప్పుడు పవన్ కూతురు హరిణి వంతు. పవన్ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో వ్యాపారం చేస్తాడు. ఆదివారమైతే చాలు, కూతుర్ని తీసుకుని పాసింజరెక్కి ఏలూరు వచ్చేస్తాడు. భార్య రెండో కాన్పుకని జంగారెడ్డిగూడెంలో పుట్టింటి దగ్గరుంది.

ఎంత సరదాగా చూస్తారో! తెరమీద బేబీ మాణిక్యం పొట్టకి తలగడ కట్టుకుని వడ్డీవ్యాపారిని వెక్కిరిస్తుంటే, ఇక్కడ హరిణి గౌనులో దిండు దోపుకుని అచ్చం అలాగే నడుస్తుంది. "అదుగో, అదుగో! ఇప్పుడు తుమ్ముతుంది చూడండి!" అని గోపాలకృష్ణ ముందే చెప్పేస్తాడు. "మీరు నోరు మూసుకోండి, ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తాం!" అని కనకరత్నం కసురుకుంటుంది. పేరయ్యగారు పక్షవాతానికి వంకరపోయిన నోటితోనే డైలాగులన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా అప్పచెప్పేస్తారు. నాలుగు తరాలవాళ్ళు ఒక్క గదిలో కూర్చుని ఒక్కచోటే నవ్వుతారు, ఒక్కచోటే ఏడుస్తారు!

పెద్దయ్యాక ఆ సినిమా చూడని మనిషి ఒక్కతే. రత్నమాణిక్యం. పేర్లు పడగానే ఆమె వంటింట్లోకి వెళ్ళిపోతుంది. చూసేవాళ్ళకి ఏదో ఒకటి వేయిస్తూ సినిమా అయ్యేదాకా అక్కడే ఉండిపోతుంది. "అక్కకి సిగ్గు," అంటాడు గోపాలకృష్ణ. "సిగ్గేమిటండీ, పొగరు!" అంటుంది కనకరత్నం.

రేవు సీను వచ్చింది. జబ్బుచేసిన తల్లిని పడవలో పట్నం ఆసుపత్రికి తీసుకుపోతుంటే, గట్టు వెంట ఆ పిల్ల పరిగెత్తుతుంది. పడుతుంది. లేస్తుంది. మళ్ళీ పరిగెత్తుతుంది... "అమ్మా! నన్ను వదిలిపోకమ్మా!" అని ఆ పిల్ల పెట్టే కేకకి ఏ తరంవాడి గుండె అయినా చెరువైపోవలసిందే! హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. నాగరత్నం కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. ఒత్తుకుంటూనే, "చూశావుటే కనకం! ఎవరో డబ్బులకొచ్చిన సినిమా తల్లికి కుండలు కుండలు కార్చింది. కన్నతల్లికి ఒక్క చుక్క... ఒక్క చుక్క రాల్చలేదే!" అంది.

"గ్లిజరిన్ లేదర్రా! ఒక్క చుక్క గ్లిజరిన్ లేదు! అసలు కన్నీళ్ళు!" అని ఎప్పట్లాగే పేరయ్యగారు పొంగిపోయారు. "డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నన్ను గట్టిగా కౌగలించుకున్నారు! నన్ను!"

ఏడ్చిందేమో పిల్ల. కౌగిలింత తండ్రికి! ఈ లోకం న్యాయం ఎప్పుడూ అంతే.

సినిమా అయిపోయింది. అప్పుడు పవన్ సంచీలోంచి హ్యాండీకామ్ బయటకి తీశాడు.

"తాతయ్యా, నీకో సంగతి చెప్పనా? హైదరాబాదులో కొత్త సీరియల్‌కి ఎనిమిదేళ్ళ పాప కావాలిట. టేపు తీసి పంపమన్నారు. నవ్వాలి, డాన్సు చెయ్యాలి, ఏడవాలి. మన రక్తంలోనే ఉంది కదా! మన హరిణి ఇంకో బేబీ మాణిక్యం అవుతుంది చూడు!"

పేరయ్యగారి సగం మొహం వెలిగిపోయింది. రెండో సగానికి కదలిక లేదు.

కెమెరాని టీవీ మీద పెట్టాడు పవన్. ఎర్రలైటు వెలిగింది. హరిణి నవ్వింది, బాగుంది. డాన్సు చేసింది, ఇంకా బాగుంది. ఏడవమంటే మాత్రం కిసుక్కున నవ్వేసింది. పవన్ కళ్ళెర్రజేశాడు, మళ్ళీ నవ్వింది. జబ్బమీద గిల్లాడు. "డాడీ! నొప్పి!" అని తిరిగి గిల్లింది. అందరూ గొల్లున నవ్వారు.

"ఇలా రారా," అని పేరయ్యగారు మంచివైపు చేత్తో పవన్‌ని పిలిచారు. వంగిన మనవడి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పారు.

పునుకుల పళ్ళెం పట్టుకుని అప్పుడే వంటింటి గుమ్మంలోకి వచ్చిన మాణిక్యం అది చూసింది. ఆయన చెప్పింది ఆమెకు వినపడలేదు. వినపడనక్కర్లేదు! ఆ వంగడం, ఆ చెవి, ఆ పెదాలు... ఆమె ఒళ్ళు చల్లబడిపోయింది. పళ్ళెంతో సహా గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

పవన్ మొహం ఒక్క క్షణం వెలవెలబోయింది. "వద్దేమో తాతయ్యా..." అన్నాడు. "ఉత్తినేరా! అయిపోగానే చెప్పేస్తాం కదా! ఎవరు చచ్చారు గనక!" అన్నారు పేరయ్యగారు. పవన్ అరుగుమీదకి వెళ్ళి, సెల్‌ఫోను చెవికి పెట్టుకుని కాసేపు నిలబడి, లోపలికి వచ్చాడు. కూతురి ముందు గొంతుక్కూర్చుని రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"బంగారూ... జంగారెడ్డిగూడెం నించి ఫోనొచ్చిందిరా... మమ్మీ... మమ్మీ ఇంక లేదురా తల్లీ..."

హరిణి నవ్వుమొహం అలాగే ఉండిపోయింది. తరవాత కింది పెదవి ఒక్కటే వణకడం మొదలుపెట్టింది. తరవాత ఆ పిల్ల పెట్టిన కేక... అది ఏ సినిమాలోనూ వినపడే కేక కాదు!

పళ్ళెం కిందపడి పునుకులు హాలంతా దొర్లాయి. రత్నమాణిక్యం ఎప్పుడు పరిగెత్తిందో, పవన్‌ని ఎప్పుడు పక్కకి నెట్టిందో ఎవరికీ తెలీదు. పిండి చేతులతోనే పిల్లని గుండెకి హత్తుకుంది.

"అబద్ధం తల్లీ! అబద్ధం! మమ్మీ బాగుంది! వీళ్ళు అబద్ధం చెప్పారు! ఒరేయ్ పవనూ, ఫోను చెయ్యి! ఇప్పుడే చెయ్యి! దాని చెవిలో వాళ్ళమ్మ గొంతు పడాలి!"

పవన్ నంబరు నొక్కి ఫోను కూతురి చెవికి పెట్టాడు. అవతల తల్లి "ఏంటి బంగారం, అన్నం తిన్నావా?" అంది. హరిణి ఎక్కిళ్ళ మధ్య వింది. ఫోను చెవి దగ్గర్నించి తీసి, మాణిక్యం మొహంలోకి చూసి, "నిజంగా మమ్మీయేనా మామ్మా? ఎవరన్నా మమ్మీలాగా మాట్లాడుతున్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి రత్నమాణిక్యం గుండెలో ఏదో పుటుక్కుమంది. యాభై ఏళ్ళు బిగబట్టింది!

"ఇంత రాద్ధాంతమెందుకే?" అంది నాగరత్నం. "పిల్లకి రెండు చుక్కలు వస్తే కొంపలంటుకున్నాయా? నీకులాగా రాతిగుండె కాదులే అందరిదీ..."

"అవునత్తా! నాది రాతిగుండె! అదెలా అయిందో ఎన్నడన్నా అడిగావా?"

మాణిక్యం గొంతు అంత పెద్దగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. గోపాలకృష్ణ లేచి నిలబడిపోయాడు.

"ఆరేళ్ళప్పుడు నన్ను మద్రాసు తీసుకెళ్ళారు నాన్నగారు. అమ్మ ఇక్కడే ఉండిపోయింది. గ్లిజరిన్ వేస్తే నా కళ్ళు వాచిపోయేవి. అందుకని నాన్నగారు ఏడుపు సీను వచ్చినప్పుడల్లా నా ముందు ఇలాగే గొంతుక్కూర్చునేవారు. ఇలాగే భుజాలు పట్టుకుని... 'మీ అమ్మ పోయిందే మాణిక్యం' అనేవారు! నేను గుండెలు పగిలేలా ఏడ్చేదాన్ని. కట్ అనగానే 'ఉత్తినేనే పిచ్చిదానా!' అని ఒక కమలాపండు చేతిలో పెట్టేవారు. ప్రతి సినిమాకీ మా అమ్మ చచ్చిపోయేదత్తా! ప్రతి సినిమాకీ బతికొచ్చేది! ఇప్పుడు మీరంతా కళ్ళు తుడుచుకున్నారే... ఆ రేవు సీను! సినిమా తల్లికి కార్చాను అన్నావే... కాదు! ఆ ఏడుపు మా అమ్మ కోసమే! నా కన్నతల్లి పోయిందనుకునే ఆ గట్టుమీద పరిగెత్తాను నేను!"

మాణిక్యం హరిణిని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఆ తరవాత నెలకి... గదిలో, ఏ కెమెరా లేనిచోట, నాన్నగారు గొంతుక్కూర్చుని ఏడుస్తూ మళ్ళీ అదే మాట చెప్పారు. నేను నవ్వి కమలాపండు కోసం చెయ్యి చాపాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని పాటలు పాడుకుంటూ వచ్చాను... అమ్మని చూడబోతున్నానని! ఇంటికొచ్చేసరికి అమ్మని చావడిలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. చుట్టూ జనం. మీరంతా ఏడుస్తున్నారు. నేను కెమెరా ఎక్కడుందా అని చూశాను! నిజమే అత్తా, నువ్వు చూసింది నిజమే... నేను నవ్వాను. అమ్మ కూడా ఎంత బాగా వేస్తోందో అనుకుని నవ్వాను! ఎవరో ఒకరు కట్ అంటారు, అమ్మ లేచి కూర్చుంటుంది, నన్ను ఒళ్ళోకి లాక్కుంటుంది అని... ఎదురుచూస్తూ కూర్చున్నాను!"

కనకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అందరూ వెళ్ళిపోయాక, రెండేళ్ళ గోపీ అమ్మ కావాలని నా కాళ్ళు పట్టుకుని ఏడిస్తే... అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడుద్దామంటే నాకు రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు. ఏడుపు రాని పిల్ల సినిమాకి ఎందుకు? పంపించేశారు. ఎత్తు పెరిగిందని మానిపించాను అని నాన్నగారు ఊళ్ళో చెప్పుకున్నారు. నేను ఊరుకున్నాను. అమ్మ పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా మమ్మల్ని పెంచిన మనిషి... ఆయన తల దించుకోవడం నాకిష్టం లేక, నన్ను రాయి అన్నా ఊరుకున్నాను, రాక్షసి అన్నా ఊరుకున్నాను! నా ఒక్కదాని బతుకు కదా అనుకున్నాను. కానీ ఈ పిల్ల... ఈ పసిదాని బతుకులో మాత్రం వాళ్ళమ్మని ఉత్తినే చంపకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను..."

పవన్ టీవీ మీది కెమెరా అందుకున్నాడు. టేపు బయటకి లాగి, చేతులతో చించి చించి పోగేశాడు. "నన్ను క్షమించు అత్తా..." అని గోడకి తల ఆనించుకున్నాడు.

పడక్కుర్చీలోంచి గొణిగినట్టుగా వచ్చింది, "నీ కళ్ళు వాచిపోతున్నాయనే తల్లీ... అందుకనే... కళ్ళు పాడవుతాయనే..."

"తెలుసు నాన్నగారూ," అంది మాణిక్యం. అంతే అంది. వంగి పునుకులు ఏరడం మొదలుపెట్టింది. నాగరత్నం, మోకాళ్ళు సరిగ్గా వంగని ఆ ముసలిమనిషి, కిందకి జారి కూర్చుని ఆమెతోపాటు ఒక్కొక్కటీ ఏరింది.

మరుసటి ఆదివారం ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. పెట్టమని పేరయ్యగారు అడగనూ లేదు. ఆయనకి మాట పూర్తిగా పడిపోయింది. మాణిక్యమే ఎప్పటిలాగా ఒళ్ళు తుడిచేది, అన్నం మెత్తగా కలిపి నోట్లో పెట్టేది. ఒకనాడు బావి దగ్గర బట్టలు జాడిస్తూ కనకరత్నం ఉండబట్టలేక అడిగింది.

"వదినగారూ... ఆయన మీద మీకు కోపం రాదుటండీ?"

మాణిక్యం చీర పిండి దండెం మీద ఆరేసింది.

"కోపం లేదమ్మా. నమ్మకమే లేదు. ఆయన కూర చల్లారిపోయిందన్నా గిన్నె ముట్టుకుని చూసేదాన్ని. ఆయనొక్కరే కాదు... ఎవరు ఏం చెప్పినా అంతే. పెళ్ళివారికి నచ్చావే అన్నా నమ్మలేదు, నచ్చలేదన్నా నమ్మలేదు. అదొక్కటే నేను బాగుచేసుకోలేకపోయాను..."

కనకరత్నం తడిచేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కాపురానికొచ్చినప్పటి నించీ తను ఆ మనిషిని ఎన్నెన్ని అన్నదో ఒక్కొక్కటీ గుర్తొచ్చి, బావి చప్టామీద కూలబడి భోరుమంది. ఆమెని సముదాయించింది కూడా మాణిక్యమే!

కొల్లేటి వరద తీసి, రోడ్డు తేలి, బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక తెల్లవారుజామున పేరయ్యగారు నిద్రలోనే పోయారు.

తాడేపల్లిగూడెం నించి పవన్ కూతుర్ని తీసుకుని వచ్చాడు. హరిణి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల తల దగ్గర దీపం. చుట్టూ జనం. ఆ పిల్ల ఎవరివైపూ చూడలేదు, మాణిక్యాన్ని వెతుక్కుని వచ్చి కొంగు పట్టుకుంది.

"మామ్మా... పెద్దతాతయ్య నిజంగానే పోయారా? నువ్వు చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతాను."

రత్నమాణిక్యం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పేరయ్యగారి పాదం మీద పెట్టింది.

"ముట్టుకో తల్లీ. చల్లగా ఉంది కదా? ఇంక వెచ్చబడదు. ఇది నిజం. ఏడుపొస్తే ఏడు. రాకపోతే మానెయ్యి. నేను నీ పక్కనే ఉంటాను."

హరిణి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నెమ్మదిగా, మామూలు పిల్లలు ఏడ్చినట్టుగా ఏడ్చింది.

గుమ్మం దగ్గర చేరిన ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. "చూశారా... ఇప్పుడూ అంతే! తండ్రి పోయినా చుక్క లేదు..." ఆ గుసగుస దేని గురించో వాళ్ళ చూపుల్ని బట్టే పోల్చుకుని, నాగరత్నం గోడ పట్టుకుని లేచింది.

"నోళ్ళు ముయ్యండే! దాని కళ్ళల్లోకి తొంగిచూసినవాళ్ళు ఈ గడప తొక్కొద్దు! అది ఏడవాల్సిందంతా ఎనిమిదేళ్ళకే ఏడ్చేసింది. మనందరం ఆ ఏడుపుని టిక్కెట్లు కొనుక్కుని మరీ చూశాం! ఈ పాపిష్టి నోటితో యాభై ఏళ్ళు దాన్ని ఆడిపోసుకున్నాను... ఇంక మీరెవరూ అననక్కర్లేదు, నేనొక్కదాన్నే చాలు!" అని తన తల తనే కొట్టుకుంది. మాణిక్యం వెళ్ళి ఆ చేతులు పట్టుకుని ఆపింది.

పదోరోజున కాలవగట్టున కర్మ జరిగింది. గోపాలకృష్ణ గుండు చేయించుకుని, స్నానం చేసి, తడిబట్టలతో ఇంటికి వచ్చాడు. బంధువులు భోజనాల హడావుడిలో ఉన్నారు. అతను పెరట్లోకి వెళ్ళాడు. మాణిక్యం అక్కడ చప్టామీద ఒక్కతే కూర్చుని ఉంది. అతనూ వచ్చి ఆ కింది మెట్టుమీద కూర్చున్నాడు.

"అక్కా... అమ్మ ఎలా ఉండేది?"

మాణిక్యం ఉలిక్కిపడింది. యాభై ఏళ్ళలో తమ్ముడు ఆ మాట అడగడం అదే మొదలు!

"ఒక్క ఫొటో కూడా లేదు కదా ఇంట్లో. ఇన్నాళ్ళూ నిన్ను అడగబుద్ధి కాలేదు... నీకు అమ్మ మీద ప్రేమ లేదనుకునేవాణ్ణి. నాన్నగారిని అడిగితే మాట దాటేసేవారు. ఇప్పుడాయనా లేరు. అత్త కూడా చూసిందనుకో... కానీ అమ్మ ఒళ్ళో పెరిగినదానివి నువ్వొక్కదానివే. చెప్పక్కా... మొహం ఎలా ఉండేది? నాలా ఉండేదా?"

మాణిక్యం కళ్ళు మూసుకుంది. ఆమె నుదుటిమీద ముడతలు బిగుసుకున్నాయి.

"నాకు గుర్తులేదురా గోపీ," అంది చివరికి. "ఎంత తలచుకున్నా ఆ సినిమాలో అమ్మ వేసినావిడ మొహమే వస్తుంది. ఆవిడ బొట్టు, ఆవిడ ముక్కుపుడక... మన అమ్మ మొహం మీదకి ఆవిడొచ్చి కూర్చుంది. ఎన్ని రాత్రులు తరుముకున్నానో! పోదు. అందుకేరా నేను ఆ సినిమా చూడనిది..."

గోపాలకృష్ణ తల వాలిపోయింది. గుండు మీద ఇంకా ఆరని నీటిచుక్కలు మెడమీదకి జారుతున్నాయి. అతని భుజాలు అదురుతున్నాయి. అంత మనిషి, యాభై దాటినవాడు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"కానీ చేతులు గుర్తున్నాయిరా," అంది మాణిక్యం హఠాత్తుగా. "నీకు నీళ్ళు పోశాక ఎలా తుడిచేదో గుర్తుంది. నీ పుట్టువెంట్రుకలకని నన్నూ మద్రాసు నించి తీసుకొచ్చారు, ఆ రోజున అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నిన్ను కాళ్ళమీద వేసుకుని, మాడు మీద అరచెయ్యి పెట్టి... గట్టిగా కాదు, ఇదిగో, ఇలా..."

ఆమె కొంగు తీసి తమ్ముడి తల తుడిచింది. ఆ తరవాత అరచెయ్యి మాడు మీద ఆనించి, వేళ్ళు కొంచెం విడదీసి, వెనక్కి మెడదాకా మెల్లిగా రాసింది. మళ్ళీ రాసింది.

లోపల్నించి కనకరత్నం భోజనానికి పిలవడానికని వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. వెంట వస్తున్న చుట్టాలని చేత్తోనే వెనక్కి పంపేసి, పెరటి తలుపు దగ్గరగా వేసింది.

"ఇలాగేనా అక్కా?" అన్నాడు గోపాలకృష్ణ, తల ఎత్తకుండా.

"ఇలాగేరా," అంది మాణిక్యం. "ఇది మాత్రం అమ్మే."